రెండో ఊపిరి

సినిమా అంటే చెవి కోసుకునే బావ హాలు గడప తొక్కి ఏడాది దాటింది. ఆఖరున వెళ్ళిన మూడు సినిమాల్లోనూ మధ్యలోనే లేచి వచ్చేశాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో చూసుకుంటాలే అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. ఇంట్లో చూడటమంటే ఏమిటో మరదలికి తెలుసు. కళ్ళద్దాల షాపు మూసి వచ్చి, కంచం ఒళ్ళో పెట్టుకుని, సగం కథకే గురక పెట్టడం.

మరదల్ని చిన్నప్పటినుంచీ అతను చెవులపిల్లి అనే పిలుస్తాడు. పేరుకు తగ్గట్టే ఆమె సినిమాలకి శబ్దాలు కూర్చే పనిలో పడింది. అక్క పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాల మధ్య దూరి కూర్చుని సినిమాలు చూసిన పిల్ల ఆమె. తెర వెలిగితే నోరు మూసుకోవాలని నేర్పింది బావే.

ఈ సినిమాకి మాత్రం బతిమాలి, అలిగి, ఒట్టు వేయించుకుని మరీ అతన్ని లాక్కొచ్చింది. కారణం అతనికి చెప్పలేదు, మనకి చెప్పొచ్చు. సినిమాలో ఒక తల్లి, జబ్బుపడ్డ కూతురి గది బయట నిలబడి తలుపుకి చెవి ఆనించి వింటుంది. మాట ఉండదు, సంగీతం ఉండదు. హాలు వెనక స్పీకర్లలోంచి ఒక ఊపిరి వినిపిస్తుంది, ఆగిపోతుంది, ఇక రాదేమో అనుకున్నాక రెండోది వస్తుంది. ఆ ఊపిరి అక్కది. పోయినేడు ఆసుపత్రిలో అక్క నిద్రపోతుంటే పని అలవాటు కొద్దీ చెల్లెలు రికార్డు చేసి పెట్టుకుంది. ఊపిరి వదిలేటప్పుడు అక్కకి చివర్లో సన్నగా ఈల వచ్చేది, బావ దానిమీద జోకులేసి ఇంటిల్లిపాదినీ నవ్వించేవాడు. తర్వాత కొద్దిరోజులకే అక్క పోయింది.

అంత సన్నటి ఈల టీవీలో వినపడదు, హాల్లోనే వినాలి. పోనీ ముందే చెప్పేద్దామా అంటే, అతను సినిమా వదిలేసి ఆ ఒక్క క్షణం కోసం కాచుకు కూర్చుంటాడు. తనంతట తను గుర్తుపట్టాలని ఆమె ఆశ.

సినిమాలో మొదటి మాట వినగానే ఆమె గుండె గుభేలుమంది. శబ్దం తగ్గించేశారు. ఇలాగే నడిస్తే ఊపిరి కాదు కదా, తలుపు కొట్టినా వినపడదు. ఇప్పుడే వస్తానని బావకి చెప్పి మేనేజరు గదికి పరిగెత్తింది. ప్రకటనల మోత భరించలేకపోతున్నామని పొద్దుటి ఆటలో ఎవరో గొడవ చేశారట, అప్పటినుంచి మొత్తానికి తగ్గించి కూర్చున్నాడట. ప్రకటనలకి తగ్గించి సినిమాకి పెంచొచ్చు కదా అంటే, ఆటాటకీ అది తిప్పుతూ కూర్చోడానికి తనకి వేరే పని లేదా అన్నాడు. ఈ సినిమాకి శబ్దం కూర్చింది తనేనని చెప్పి, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమాలింది. మహానుభావుడు నిట్టూర్చి పెంచాడు.

తిరిగొచ్చేసరికి బావ తెరవైపు చూడటం లేదు. ముందు వరసలో ఒకడు ఫోను వెలిగించుకుని బొమ్మలు జరుపుతున్నాడు, బావ చూపు ఆ వెలుతురు మీదే ఉంది. వెనక ఇద్దరు ఇల్లు మారే సంగతి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. ఆమె వెనక్కి తిరిగి ఒకసారి మర్యాదగా చెప్పింది. ఫోనువాడి భుజం తట్టి వాడికీ చెప్పింది. వాడు ఆర్పేసి, కాసేపటికి మళ్ళీ వెలిగించాడు. ఆమెకి ఒళ్ళు మండిపోతోంది, ఇంకోపక్క ఆ సీను దగ్గరపడుతోంది. బావ ఇప్పుడు లేచిపోతే అంతా అయిపోయినట్టే.

తెరమీద తల్లి తలుపు దగ్గరికొచ్చింది. సంగీతం ఆగింది. హాలు వెనకనుంచి ఊపిరి వినిపించింది, చివర్లో ఈల. కుర్చీ చెయ్యి మీద ఉన్న బావ వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే ముందు వరసవాడు ఫోను చెవిన పెట్టుకుని, సినిమాలో ఉన్నా చెప్పు, అన్నాడు.

"నోరు మూస్తావా లేదా!"

ఆ అరుపు తనదేనని ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. హాలు హాలంతా ఇటు తిరిగింది. ముందు వరసవాడు ఫోను జేబులో పెట్టుకుంటూ, "అరుస్తున్నది మీరేనండీ," అన్నాడు. అప్పటికే తెరమీద తల్లి తలుపు దగ్గర్నుంచి కదిలి వెళ్ళిపోతోంది.

బావ లేచాడు. ఆమె వెంటపడింది. బయట హాలు తలుపు పక్కనే ఒక బల్ల ఉంటే దానిమీద కూలబడ్డాడు.

"మీ అక్కేనా?"

ఆమె తలూపింది.

"ఒక్క ఊపిరి విన్నాను. రెండోది నీ అరుపులో పోయింది."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నెలల తరబడి కాపాడుకొచ్చిన నిశ్శబ్దాన్ని చేతులారా తనే పాడుచేసింది. రేపు తన స్టూడియోకి వస్తే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినిపిస్తానంది. అతను అడ్డంగా తలూపాడు.

"నేనెందుకు మానేశానో తెలుసా? వాళ్ళ వల్ల కాదు. అలాంటివాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. మంచంలో ఉన్న మీ అక్కకి కథ చెప్పాలని వెళ్ళేవాణ్ణి. వచ్చాక తను అడిగితే ఒక్క సీను గుర్తొచ్చేది కాదు. ఎవడు ఫోను తీస్తాడా, ఎవడు నోరు తెరుస్తాడా అని వాళ్ళకే కాపలా కాశాను. సిగ్గేసి మానేశాను. ఇవాళ నువ్వూ అదే చేశావు."

బావ లేచి, తర్వాతి ఆటకి ఒక టికెట్టు తెచ్చుకున్నాడు. "నువ్వు మాత్రం లోపలికి రాకు," అన్నాడు.

ఆమె ఆ బల్లమీదే కూర్చుంది. ఆట మొదలైంది, తలుపు మూశారు. మధ్యలో లోపల ఎవరిదో ఫోను మోగింది. ఆమె కాళ్ళు వాటంతటవే లేచాయి, బలవంతాన కూర్చుంది. బావ వచ్చేస్తాడేమోనని తలుపు మీదినుంచి చూపు తిప్పలేదు. ఆ సీను వచ్చే వేళయింది, దాటింది. తలుపు కదల్లేదు.

ఆట వదిలి జనమంతా వెళ్ళిపోయాక అతను వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కథ చెప్తాను, విను," అన్నాడు.

అందులో ప్రతి అడుగు చప్పుడూ కూర్చిన మనిషి, ఏమీ తెలియనట్టు ఊ కొడుతూ కూర్చుంది.