అన్నయ్య నిద్ర

గుమ్మంలో కాలు పెట్టానో లేదో అక్క నోటి మీద వేలేసుకుంది. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. వరండాలో కుట్టుమిషన్లు కూడా ఆపించేశారు.

"అన్నయ్య పడుకున్నాడే! పొద్దున్నుంచీ కదల్లేదు," అంది, తనే జోలపాడినంత గర్వంగా.

నాకూ సంతోషమేసింది. టైలరింగ్ కొట్టు కాలిపోయి, మిగిలిన మిషన్లు వరండాలోకి చేరినప్పటి నుంచి అన్నయ్యకు కంటి మీద కునుకు లేదు. పొగ వాసనొస్తోందంటూ లేచి స్విచ్చులన్నీ తడుముకునేవాడు. అందుకే మొన్న నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నిద్రమాత్రలు రాసిచ్చి, వీటితో పాటు మత్తు కలిగించేది ఇంకేదీ కడుపులో పడకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ మాట ఇంటిల్లిపాదికీ చెప్పాను. మావాళ్లు వినడం వరకూ బాగానే వింటారు.

లోపలి గదిలోంచి గురక వినిపిస్తోంది. గుర్రుమని లాగి, ఆగిపోయి, చాలాసేపటికి మళ్లీ మొదలవుతోంది. ఆ ఆగడం నాకు నచ్చలేదు.

"మాత్ర బాగా పనిచేసినట్టుందే," అన్నాను.

"మాత్ర మొహం! రాత్రి అది వేసుకుని కూడా నడుం నొప్పితో దొర్లుతుంటే, నా మోకాలి ఆపరేషన్‌కి ఇచ్చిన నొప్పిబిళ్ల ఉంటే అది వేశాను. దెబ్బకి పడుకున్నాడు," అంది అక్క.

పిన్ని ఊరుకుంటుందా? "నీ బిళ్ల గొప్పేం కాదులే. వాడిది పొగ పట్టిన దగ్గు. నా దగ్గుమందు పట్టించాకే కళ్లు మూతలు పడ్డాయి."

బావ పేపరు పక్కనపెట్టి ముసిముసిగా నవ్వాడు. "మీకంటే ముందే తెల్లారగట్ల నేను కాస్త బ్రాందీ పోశాను. మరదలా, నువ్వైనా ఒప్పుకో, క్రెడిట్ నాదే."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ లేచాను. అక్క తలుపుకు అడ్డం నిలబడింది.

"ఇన్నాళ్లకి పడుకున్నాడే. నీకు దణ్ణం పెడతాను, లేపకు."

అంతలో గురక ఆగింది. చెవులు రిక్కించాను. మళ్లీ మొదలుకాలేదు.

"హమ్మయ్య, ఇప్పుడు హాయిగా పడుకున్నాడు," అంది పిన్ని.

అక్కను తోసుకుని లోపలికి పరుగెత్తాను. అన్నయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. కుదిపినా, చెంపల మీద కొట్టినా పలకలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అవతలి మనిషి చెప్పినట్టే ముక్కు మూసి నోట్లోకి గాలి ఊదడం మొదలుపెట్టాను.

"ఏమేం మింగాడు? పక్కన ఎవరైనా ఉంటే చెప్పండి," అంది ఫోన్లో ఆమె.

ఇందాక పోటీలు పడి చెప్పుకున్న ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"డాక్టరిచ్చిన నిద్రమాత్రేనండీ," అంది అక్క.

"అదొక్కటే," అంది పిన్ని. బావ తలూపాడు.

ఊదడం ఆపి తలెత్తాను. "అబద్ధం! నొప్పిబిళ్ల, దగ్గుమందు, బ్రాందీ, అన్నీ మింగించారు!" అని అరిచి మళ్లీ వంగాను. ఆ నాలుగు మాటలకు పట్టినంతసేపూ అన్నయ్యకు ఊపిరి లేదు.