అంబాసిడర్‌కి భీమిలి గాలి

మొదటి షిఫ్టు దిగి రెండున్నరకి ఇంటికొచ్చేవాడు గురునాథరావు. కాళ్లు కడుక్కుని, చారన్నం తిని, గ్లాసుడు మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చేవాడు. లేచీ లేవగానే గుమ్మం ముందున్న అంబాసిడర్ బోనెట్ ఎత్తేవాడు. అక్కణ్ణుంచి తండ్రీకూతుళ్ల గొడవ మొదలు. ఎనభై మూడు వేసవిలో ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్ ఆరులో ఆ వీధివాళ్లకి గడియారంతో పనుండేది కాదు. గొడవ వినబడిందంటే మూడున్నర అయినట్టే.

కారు వాళ్లది కాదు, బలరాంది. ఊరవతల హథ్‌ఖోజ్‌లో అతనికి లేత్ మిషన్ల షెడ్డుంది. వేలంలో ఓ పాత జనరేటర్ కొంటే దానికి తగిలించి ఒక టర్బో దొరికింది. చూడ్డానికి ఇనప నత్తగుల్లలా ఉండేది. ఇంజన్ వదిలే పొగ వట్టినే పోకుండా అందులో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతల ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, కుక్కి, ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండికి బలమొస్తుంది. రాజ్‌హరా గనుల ఎత్తులో మూలుగుతూ పోయే టాక్సీలన్నిటికీ ఇలాంటివి బిగించొచ్చని బలరాం ఆశ. ప్లాంటులో ఇరవై ఏళ్లుగా ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌కి గాలి కొట్టే బ్లోయర్ నడిపే గురునాథరావు కంటే గాలి సంగతి ఇంకెవరికి తెలుస్తుందని కారు తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టాడు.

ఆయన కూతురు కుముదిని పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి ఏడాదైంది.

"బిటియా, బండి రాజ్‌హరా ఘాటీ ఎక్కిందంటే షెడ్డులో ఇంజన్ పని నీదే. ఎక్కలేదనుకో, ఆఫీసులో టైపు మిషన్ ఖాళీగానే ఉంది," అని బలరాం నవ్వుతూ అన్నాడు. కుముదినికి నవ్వు రాలేదు. చేతిలో పానా పట్టుకోవాలని ఆ పిల్ల కోరిక. ఆరు చోట్ల అడిగితే ఆరు చోట్లా కుర్చీ చూపించారు గానీ ఇంజన్ చూపించలేదు.

ఇంట్లో ఇంకొకరున్నారు. గురునాథరావు తల్లి అచ్చమ్మ. ఆవిడ భీమిలి నుంచి వచ్చేసినప్పుడు సముద్రపు గాలొకటి ఆవిడ వెంట వచ్చేసింది. విజయనగరం, రాయగడ, రాయపూర్ అన్నీ దాటుకుంటూ బెర్తు కింద పడుకునే వచ్చింది. టికెట్ కలెక్టరు దాన్ని తొక్కకుండా పక్కనుంచి అడుగేసి వెళ్లాడు. ఆనాటినుంచీ పెరటి వసారాలో ఉంటోంది. వసారా గచ్చంతా ఉప్పు రాలుస్తుందని కోడలు వరలక్ష్మమ్మ పొద్దున్నే విసుక్కుంటూ తుడిచేది. పక్కింటి పిల్లకి జ్వరమొస్తే వాళ్లమ్మ గోడ మీంచి అచ్చమ్మని, "మాజీ, మీ గాలిని ఓ గంట పంపరూ?" అని అడిగేది. "ఎల్లు, బేగి వచ్చీ," అని అచ్చమ్మ పంపేది.

ఇక గొడవంటారా, అది వేడి గురించి.

ఇంజన్ మీద బరువు పడేసరికి లోపల డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు టకటకమనేది. అప్పటికే రెండుసార్లు పిస్టన్లు కాలిపోయాయి.

"మూడే సంగతులు నాన్నా," అనేది కుముదిని. "గాలి ఎక్కువ తోస్తున్నాం కాబట్టి పెట్రోలు చిక్కగా పోవాలి. స్పార్కు కొంచెం ఆలస్యంగా పడాలి. లోపలికెళ్లే గాలి చల్లగా ఉండాలి."

మొదటిది ఒప్పించడానికి నెల పట్టింది. రెండోదానికి ఇంకో నెల, ఇంకో జత పిస్టన్లు. మూడోది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

"చల్లగానా? ఫర్నేస్‌కి చల్లగాలి కొట్టి చూడు, లోపలంతా గడ్డకట్టుకుపోద్ది. మేం వెయ్యి డిగ్రీలు కాచి మరీ కొడతాం."

"అది ఫర్నేస్. ఇది ఇంజన్."

"మంట ఎక్కడైనా మంటే కదే!"

"సైకిల్ పంపు కొడితే అడుగు కాలదా? కుక్కిన గాలి దానంతటదే వేడెక్కిపోద్ది. వేడి గాలి పల్చన, అందుకని బలం తగ్గుద్ది. పైగా స్పార్కు మంట వచ్చేదాకా ఆగకుండా పెట్రోలు ఓ మూల తనే అంటుకుంటాది. ఆ టకటక అదే!"

"పుస్తకం రాసినోడు ఫర్నేస్ చూశాడేటి?"

మర్నాడు ఆయన సుపేలా బజారుకెళ్లి ఆస్బెస్టాస్ తాడు కొనుక్కొచ్చాడు. టర్బో నుంచి కార్బురేటర్‌కి పోయే గొట్టానికి, వేడి చుక్క కూడా పోకుండా, మూడు వరసలు చుట్టేశాడు. పసిపిల్లకి స్వెట్టర్ తొడిగినంత శ్రద్ధగా చుట్టాడు. కుముదిని పానా నేలకేసి కొట్టి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఏడవలేదు. ఏడుపు కూడా రానంత కోపం.

మే నెలలో ఓ ఆదివారం బలరాం వచ్చి, రాజ్‌హరా ఎత్తు మీద పరీక్షకి అందర్నీ బయల్దేరదీశాడు. గుట్టలు చూసి ఎన్నేళ్లయిందోనని అచ్చమ్మ కూడా కారెక్కింది. ఆవిడ ఎక్కితే గాలీ ఎక్కింది. వెనకసీట్లో ఆవిడ ఒళ్లో ముడుచుక్కూచుంది. పక్కన కూర్చున్న బలరాం, "మాజీ, కొంచెం ఇటు కూడా," అని చొక్కా గుండీ విప్పుకున్నాడు.

చదును రోడ్డు మీద కారు ముచ్చటగా పోయింది. ఎత్తు మొదలవగానే గురునాథరావు యాక్సిలరేటర్ తొక్కాడు. ముందు ఏమీ జరగలేదు. నత్తగుల్ల బద్ధకంగా తిరిగి, తిరిగి, ఒక్కసారిగా ఈలేసింది. కారు ముందుకి ఉరికింది. "వాహ్ కాకాజీ!" అన్నాడు బలరాం. ఆ మాట నోట్లో ఉండగానే గులకరాళ్లు మొదలయ్యాయి.

"ఆపండి నాన్నా! పిస్టన్ పోతుంది!"

సగం ఎత్తులో ఆగిపోయారు. బోనెట్ ఎత్తితే సెగ మొహాన కొట్టింది.

"పెట్రోలు కల్తీ," అన్నాడు గురునాథరావు.

బలరాం చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పోనీ లెండి కాకాజీ. ఆర్నెల్లు చూశాం. బిటియా, టైపు కూడా మంచి పనే. ఫ్యాన్ కింద కూర్చోవచ్చు."

ఫ్యాన్ అనే మాట కుముదినికి ఎక్కడో తగిలింది. డిక్కీలోంచి హేక్సా బ్లేడు తీసుకుంది.

"ఏటి చేస్తున్నావే?"

"కోస్తున్నాను."

"ముట్టుకోకు! నేను చుట్టాను!"

"మీరు చుట్టారు కాబట్టే కోస్తున్నాను!"

తాడు వరస వరసా తెగి రోడ్డు మీద పడింది. గొట్టం తగిలి మణికట్టు చుర్రుమంది. బొబ్బ లేస్తున్నా చెయ్యి తియ్యలేదు. చెల్లెలి పెళ్లిలో అలిగినప్పుడు కూడా గురునాథరావు అంతలా మొహం ముడుచుకోలేదని అచ్చమ్మ తర్వాత చెప్పేది.

"ఏట్రా గురునాథం," అంది అచ్చమ్మ కారు దిగుతూ. "జ్వరంతో కాలిపోతున్న గుంటకి నువ్వు దుప్పట్లు కప్పుతావా, తడిగుడ్డ వేస్తావా?"

ఆవిడ ఒళ్లోంచి దిగిన గాలి రోడ్డు దాటి, దుమ్ము కొంచెం లేపి, కుముదిని మణికట్టు మీద ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత వేడి గొట్టం చుట్టూ మెలికలు తిరిగి పడుకుంది. ఇనుము మీద సన్నగా తేమ పట్టింది. ఉప్పు వాసనేసింది.

"ఇప్పుడు తొక్కండి," అంది కుముదిని.

ఈలేసింది. కారు ఎత్తెక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఇనప ఖనిజం లారీని దాటి మూడో మలుపు. గులకరాయి ఒక్కటి కూడా కదల్లేదు. పైన ఆపి గురునాథరావు దిగి, బోనెట్ ఎత్తి, గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగాలే," అన్నాడు చివరికి.

"ఆర్నెల్లుగా అదే చెబుతున్నాను!" అని అరిచింది కుముదిని. "నేను చెబితే వినలేదు. గాలి చెబితే విన్నారు!"

ఆయన తల దించుకున్నాడు. బలరాం మాత్రం గడ్డం గోక్కుంటున్నాడు. "బండి బాగుంది. కానీ బిటియా, నేను బిగించాల్సిన టాక్సీలు ఇరవై ఉన్నాయి. మాజీ దగ్గర గాలి ఒక్కటే."

"అది మామ్మది భయ్యా, టాక్సీలకి ఇవ్వం. పాత జీపు రేడియేటర్ ఒకటి ఇప్పించండి. నీళ్లు పోవాల్సిన గొట్టాల్లోంచి ఈ గాలిని పంపుదాం. కారు ముందు కట్టేస్తే ఎదురుగాలి తగిలి అదే చల్లారుద్ది. ఏ బండికైనా పెట్టొచ్చు."

బలరాం ఆమె తండ్రివైపు చూశాడు, అలవాటు కొద్దీ. గురునాథరావు చేత్తో కూతురివైపు చూపించాడు.

"నన్నడక్కయ్యా. నాది ఫర్నేస్."

"సోమవారం తొమ్మిదింటికి," అన్నాడు బలరాం కుముదినితో. "సొంత పానాలు తెచ్చుకో. నావి అరిగిపోయాయి."

సోమవారం ఎనిమిదిన్నరకి మణికట్టుకి గుడ్డ కట్టుకుని కుముదిని సైకిలెక్కింది. అంత ఎత్తెక్కిన అలుపు తీరక గాలి వసారాలో చాపమీద వాలిపోయి ఉంది. అచ్చమ్మ దాని పక్కన చతికిలబడి తాటాకు విసనకర్రతో నెమ్మదిగా విసురుతోంది.

"పడుక్కో నాయనా," అంటోంది. "ఇంక బండి పని బండే చేసుకుంటాదంటలే."