రంగెక్కని రివాల్వరు

తొందరపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. బెంగళూరు బళేపేట వెనక సందులో మా నాయన పెట్టిన తుపాకీల రిపేరు షాపులో నలభై ఏళ్ళు కూర్చున్నాను. ఎస్టేటు ఓనర్లు వచ్చారు, రిటైరైన పెద్ద ఆఫీసర్లు వచ్చారు. "రేపటికి కావాలి" అన్న ప్రతివాడికీ ఒకటే జవాబు: "అయితే రేపు చేసిచ్చేవాడి దగ్గరికి పోండి." సొన్నప్ప దగ్గర పని ఆలస్యమవుతుంది గానీ వంకపెట్టడానికి ఉండదని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నేను తెగ పొంగిపోయేవాణ్ణి.

1997 జూలైలో రాజగోపాల్ గారు వచ్చారు. సర్జాపుర దగ్గర ద్రాక్షతోట ఉన్న మనిషి. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో రెగ్జిన్ సంచి. సంచిలోంచి ముందు లైసెన్సు పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే రివాల్వరు బయటికి తీశారు. పద్ధతి తెలిసిన మనిషని అప్పుడే అనుకున్నాను.

ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి ముప్పై రెండు బోరు రివాల్వరు. వాళ్ళ నాయన కొన్నది. విప్పి చూశాను. తూటాల చక్రం బిగువుగా తిరుగుతోంది, లోపలి స్ప్రింగులన్నీ దిట్టంగా ఉన్నాయి. ఒంటి మీద రంగు మాత్రం ఎగిరిపోయి బూడిదలా తేలింది. గొట్టం మీద వరసగా మూడు గుంటలు, ఒక్కొక్కటీ వేలికొన పట్టేంత. తుప్పు లోపలికంటా తినేసింది.

"ఇవేం మచ్చలు సార్?" అని అడిగాను.

"మా ఇంటామె పెట్టిన బొట్లప్పా. ఆయుధపూజకి."

నాకు నవ్వొచ్చింది. బెంగళూరులో ఆయుధపూజ నాడు బొట్టు పెట్టించుకోని ఇనుము ఉండదు. లారీకి, కుట్టుమిషనుకి, కూరగాయల తక్కెడకి, అన్నిటికీ తడిపసుపు, దాని మీద కుంకుమ. లారీకేం కాదు. తుపాకీకి నూనె తుడిచేసి, తడిబొట్టు పెట్టి, దాన్ని అట్లాగే బీరువాలో పెట్టేస్తే మాత్రం నెలలు తిరిగేసరికి ఉక్కు పుచ్చిపోతుంది. దసరా అయిన రెండు మూడు నెలలకు నాకు ఇలాంటివి నాలుగైనా వస్తాయి. పూజ పుణ్యమా అని నా పొయ్యి వెలుగుతోందని మా ఆవిడ కదిరమ్మతో హాస్యమాడేవాణ్ణి కూడా.

ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇరవై రెండేండ్ల కిందటి మాట. ఏటేటా పెట్టేది, నేను చూసుకోలేదు. ఒక దసరాకి చుట్టాలందరూ ఉండంగా బయటికి తీస్తే ఇట్ల ఉండాది. నాకు యాడలేని కోపం వచ్చె. మా నాయన వస్తువు నాశనం చేస్తివి గదే, నీ చేతులు ఇరిగిపోను అని నలుగురి ముందర అనేస్తిని. ఆ పొద్దు నుంచి మోటారుకి పెడతాది, ట్రాక్టరుకి పెడతాది. నా వస్తువు ఒక్కటీ ముట్టదు. నేనూ పెట్టమని అడగలేదు."

సంచి ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ చెప్పారు.

"ఇప్పుడు కడుపులో గడ్డ. డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మన్యారు. నెల అంటారు, అంతకు తక్కువే కావచ్చంటారు. మాకు పిల్లల్లేరు. మంచం మీద పండుకోని ఒకటే మాట. మీ నాయన పిస్తోలు చెడగొట్టినాను, మీ నాయన పిస్తోలు చెడగొట్టినాను. ఏం చెడలేదు లేవే నంజా అంటే నమ్మదు. ఆ బాధ పెట్టుకోని పోకూడదప్పా ఆమె. నేనే గదా పెట్టింది ఆ బాధ. మచ్చ లేకుండా చేసియ్యి. తీసకపోయి ఆమె చేతిలో పెట్టల్ల. అంతకుమించి నాకేం వద్దు."

నేను విన్నాను. విన్నానని ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నా కళ్ళు గొట్టం మీదే ఉన్నాయి. ఆ గుంటల లోతెంత, అవి పోవాలంటే ఎంత మందం అరగదీయాలి, కంపెనీ ముద్ర నిలుస్తుందా, ఇదీ నా ఆలోచన. అలాంటి సరుకు చేతికొచ్చి చాలా ఏళ్ళయింది.

"మూడు వారాలు," అన్నాను.

"రెండు వారాల్లో కాదా?"

"మూడు వారాలు సార్."

ఆయన తల ఊపి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఒక సంగతి ఆయనకు చెప్పలేదు. నల్లరంగు ఎక్కించడానికి రెండు దారులున్నాయి. మందు కలిపిన నీళ్ళను సలసలా కాచి అందులో ముంచితే ఒక్క పూటలో అయిపోతుంది. ఈ రోజుల్లో అందరూ చేసేది అదే. రెండోది మా నాయన నేర్పినది. ఉక్కు మీద ఆసిడ్ రాసి సన్నగా తుప్పు పట్టనివ్వాలి, నీళ్ళలో ఉడకబెట్టాలి, సన్నటి తీగల బ్రష్షుతో రుద్దాలి. అలా ఎనిమిది సార్లు, పది సార్లు. ఒక్కో సారికి ఒక్కో వన్నె ఎక్కుతుంది. ఇంగ్లీషు రివాల్వరుకి మొదట వేసిన రంగు కూడా ఇలాంటిదే. ఒక్క పూటలో అయ్యే దారి ఉందని చెబితే ఆయన అదే అడిగేవారు. అందుకే చెప్పలేదు.

ముందు గుంటలు తీశాను. మిషను మీద పెట్టలేదు. మిషను మీద పెడితే అంచులు కరిగిపోతాయి, నంబరు చెరిగిపోతుంది. నంబరు చెరిగితే లైసెన్సుతో కలవదు, ఇద్దరం పోలీసుస్టేషను మెట్లెక్కాల్సిందే. సన్నటి ఆకురాయి, ఆ తర్వాత నూనెరాయి, ఆ తర్వాత గరుకు కాగితాలు. పది రోజులు చేత్తోనే రుద్దాను. పదకొండో రోజు కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే తెల్లగా, వెండిలా మెరుస్తోంది. ఆ గుంటలు ఎక్కడుండేవో నాకే తెలియలేదు.

తర్వాత రంగు మొదలుపెట్టాను. ఆరు సార్లు అయింది. ఆరోసారి రుద్దాక గొట్టం అడుగున గోరంత మబ్బు కనిపించింది. చెయ్యి జిడ్డు ఎక్కడో తగిలినట్టుంది. మధ్యాహ్నం క్యారియరు తెచ్చిన కదిరమ్మకు చూపించాను.

"యాడ? నాకేం కనపళ్ళేదే," అంది.

"నీకెట్ల కనపడతాది," అని విసుక్కుని, ఎక్కిన రంగంతా తీసేసి మళ్ళీ తెల్ల ఉక్కుకి తెచ్చాను. మూడు వారాలు అప్పటికే అయిపోయాయి. శనివారం ఆయన ఫోను చేస్తే "ఇంకో వారం సార్" అన్నాను. "ఆమె ఇంకా అదే మాట అంటాంది అప్పా," అని పెట్టేశారు.

మంగళవారం పెద్ద వాన. రాజగోపాల్ గారు సర్జాపుర నుంచి ఆటోలో వచ్చారు. పంచె మోకాళ్ళ దాకా బురద. తోటలో పనిచేసే ఆడమనిషిని భార్య దగ్గర కూర్చోబెట్టి వచ్చారట. నిలబడే అడిగారు.

"ఎట్లుంటే అట్ల ఇచ్చేయప్పా. నిన్నటి నుంచి గంజి కూడా దిగలేదు."

గుడ్డ విప్పి చూపించాను. అప్పటికింకా రంగు మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆయన దాన్ని రెండు చేతులా తీసుకుని గొట్టం మీద బొటనవేలితో తడిమారు. వేలు ఎక్కడా ఆగలేదు. మళ్ళీ తడిమారు. ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి వీల్లేదు.

"లేవు గదప్పా! మచ్చలు లేనే లేవు. ఇది చాలు నాకు. ఇదే తీసకపోతా."

"పని కాలేదు సార్," అన్నాను. "రంగు వేయందే ఎట్ల? ఈ వానకి రెండు పొద్దుల్లో తుప్పు పడతాది. సొన్నప్ప చేసింది ఇట్లుండాది అంటారు రేపు."

"రేపు మళ్ళీ తెచ్చిస్తానప్పా. ఒక్క పొద్దు. ఆమె కండ్లు తెరిచి ఉన్నప్పుడు చూపించి తెచ్చిస్తా."

"సగం పని నా షాపు దాటి పోలేదు సార్ ఎప్పుడూ. శుక్రవారం రండి. దిష్టి తగిలేటట్టు చేసిస్తా."

వస్తువు ఆయనది. లైసెన్సు ఆయన జేబులో ఉంది. గుంజుకుని పోయినా నేను ఏమీ చేయలేను. కానీ పనివాడు కాదంటే కాదని నమ్మే పాతకాలం మనిషి ఆయన. తుప్పు పడుతుందంటే నిజమే అనుకున్నారు. మచ్చ ఒకటి మళ్ళీ వస్తే, ఆమె దాన్ని చూస్తే ఏమవుతుందోనని కూడా భయపడి ఉంటారు. రివాల్వరును మెల్లగా గుడ్డ మీద పెట్టేశారు.

ఇప్పుడు చెబుతున్నాను. చిక్కటి నూనె పూసి గుడ్డలో చుట్టి ఇస్తే రెండు రోజులు కాదు, నెల రోజులైనా దానికేమీ అయ్యేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నాకు కావలసిందల్లా ఆ రివాల్వరు నా షాపులోంచి నల్లగా నిగనిగలాడుతూ బయటికి పోవడం. నంజమ్మను నేను ఎప్పుడూ చూడలేదు. గొట్టాన్ని మాత్రం మూడు వారాలుగా రోజూ చూస్తున్నాను. నాకు గొట్టమే ఎక్కువైంది.

ఆయన వానలోకి దిగి వెళ్ళాక, అప్పటికే అన్నం తెచ్చి మూల కూర్చున్న కదిరమ్మ క్యారియరు గిన్నెలు విప్పడం ఆపేసింది.

"ఆ పెద్దాయన ఏడుస్తా పోతాండాడు. ఇచ్చింటే నీదేం పోతాండె?"

"పని సంగతి నీకేం తెలుసు, నోరు మూసుకో," అని అరిచాను. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆమె అన్నం వడ్డించింది. నేను తిన్నాను. ఆ పూట అన్నం సయించిందంటే నేను ఎలాంటి మనిషినో మీరే అనుకోండి.

ఆ మూడు రోజులు షాపు తలుపు సగం వేసుకుని పనిచేశాను. రాత్రనక పగలనక రాయడం, ఉడకబెట్టడం, రుద్దడం. శుక్రవారం పొద్దున్నే ఆఖరి నూనె పూసి వెలుతురులో తిప్పి చూశాను. నల్లటి నలుపు, పక్కకు తిప్పితే లోపలినుంచి నీలం. నలభై ఏళ్ళలో అంత బాగా ఏదీ కుదరలేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని సాయంత్రం దాకా వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాను.

ఆయన రాలేదు. శనివారమూ రాలేదు. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూడోనాడు మళ్ళీ చేద్దామని రిసీవరు పట్టుకుని, చేయలేక పెట్టేశాను.

పదిహేను రోజుల తర్వాత వచ్చారు. తెల్లగడ్డం పెరిగి ఉంది. చొక్కాకి ఇస్త్రీ లేదు. నాకు అర్థమైంది గానీ అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎప్పుడు సార్?"

"నువ్వు రమ్మన్న శుక్రవారమే అప్పా. తెల్లారి ఆరింటికి."

రివాల్వరు తెచ్చి ముందు పెట్టాను. ఆయన పుస్తకం తెరిచి నంబరు సరిచూసుకున్నారు. గొట్టాన్ని వెలుతురులోకి తిప్పారు. నేను తిట్ల కోసం కాచుకుని ఉన్నాను. తిడితే బాగుండునని ఉంది.

"శానా బాగా చేసినావప్పా," అన్నారు. "మా నాయన కొన్న పొద్దు గూడా ఇట్ల ఉండలేదేమో."

ఆ మాటలో దెప్పిపొడుపు ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే మెచ్చుకున్నారు. నా గుండె అక్కడే చెరువైంది.

"ఆమెకి... చెప్పినారా సార్, మచ్చలు పోయినాయని?"

"చెప్పకుండా ఉంటానా? మంగళవారం ఇంటికి పోతానే చెప్పినా. నా కండ్లతో చూసొచ్చినా నంజా, నా వేలితో తడిమొచ్చినా, ఒక్క మచ్చ లేదు, వెండి మాదిరి ఉండాది అని. విన్నది. శానాసేపు నా మొహమే చూసింది."

ఆయన సంతకం పెట్టడానికి రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. పెన్ను పట్టుకున్నారు గానీ రాయలేదు.

"నిజంగా బాగయ్యింటే తెచ్చి చూపించవా, అనింది. పోయేదాన్నని నా కోసరం అబద్ధం చెప్తాండావు, అనింది. ఒట్టు పెట్టినా. నమ్మలేదప్పా. గోడ తట్టు తిరిగి పండుకునింది. మళ్ళా ఆ ఊసెత్తలేదు, నాతో ఏమీ మాట్లాడలేదు."

కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టారు. రివాల్వరును సంచిలో పెట్టుకుని లేచారు. నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను. నన్ను చూసి ఆయనకే జాలి కలిగినట్టుంది, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు బాధపడొద్దప్పా. నీ తప్పేముంది? పనంటే టైము పడతాది గదా."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"పడతాది సార్," అన్నాను.