వంకరగా అల్లమన్న సంచి

పని చెడగొట్టి చీవాట్లు తిన్నవాళ్లను మీరు చూసే ఉంటారు. పని బాగా చేసినందుకు చీవాట్లు తిన్న మనిషిని ఎప్పుడైనా చూశారా? చవకలి అనే ఊళ్లో సంత వెనక, రేకుల కప్పు కింద నడిచే మహిళల శిక్షణ కేంద్రంలో, ఆ మంగళవారం పొద్దున మినాయో అనే ముప్పై నాలుగేళ్ల మనిషి అచ్చంగా ఆ నేరానికే తలవంచుకుని కూర్చుంది.

ఆమె ఒళ్లో ఉన్నది అరచేతిలో ఇమిడే చిన్న సంచి. కొక్కెం సూదితో నూలు గొలుసు అల్లి, దాని మీద వరసలు పేర్చి, పలకలా అయ్యాక మధ్యకి మడిచి, రెండు పక్కలా కుట్టి, లోపల పూలగుడ్డ వేసి, మూతికి ఒక బొత్తాం పెడితే అయిపోతుంది. కొత్తగా సూది పట్టినవాళ్లకు మొదట నేర్పే పని అది. మినాయో దాన్ని పక్కావిడతో కబుర్లు చెబుతూ, చూడకుండానే ముగించింది.

కేంద్రం నడిపే మిదేవా మేడమ్ ఆ సంచిని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏంటి మినాయో ఇది? నీకు ఎన్నిసార్లు చెప్పాలి? అంచు చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది!"

"చెయ్యి అలవాటు మేడమ్. దానంతటదే అలా వచ్చేస్తుంది."

"ఆ అలవాటునే కాస్త కట్టిపెట్టమంటున్నా. ఆరు వారాల కిందట సూది మొహం ఎరగని మనిషి ఇలా అల్లిందంటే ఎవరు నమ్ముతారమ్మా? శనివారం అతిథులు వస్తున్నారు. మొత్తం విప్పెయ్. పక్కలు కాస్త వంకర పోనీ. లోపలి గుడ్డ బయటికి తొంగిచూసినా నేనేమీ అనను."

"నాది చూడండి మేడమ్," అంది వెనక బల్ల మీంచి ఒకావిడ. "మా మేక నమిలి ఉమ్మేసినట్టు కుట్టాను."

"అదీ! అలా ఉండాలి."

గదిలో ఉన్న మిగతా పదకొండు మందీ నవ్వారు. మినాయో కూడా నవ్వింది. నవ్వుతూనే నూలు కొస లాగింది. చక్కగా కూర్చున్న వరసలు ఒకదాని వెంట ఒకటి విడిపోయి ఆమె కాళ్ల దగ్గర పోగుపడ్డాయి.

ఇందులో ఉన్న అన్యాయం మీకు అర్థం కావాలంటే ఆ ఊరి ఇళ్లలోకి ఒకసారి తొంగిచూడాలి. అక్కడ కుర్చీ వీపు మీద అల్లిక గుడ్డ, బల్ల మీద అల్లిక గుడ్డ, రేడియో మీద కూడా ఒకటి. అతిథి వస్తున్నాడంటే ఉన్నవాటిలో మంచిది తీసి ఆయన కూర్చునే కుర్చీకి తొడుగుతారు. మినాయో తల్లి కగేహా ఆ పనిలో పేరుపడ్డ మనిషి. చర్చిలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఆమె అల్లిందే. మినాయోకు ఏడో ఏట ఆ తల్లే కొక్కెం సూది చేతికిచ్చింది. తప్పు పోతే విప్పించింది, బాగా వస్తే ఉడికించిన చిలగడదుంప పెట్టింది.

అలాంటి మినాయో దరఖాస్తులో "ముందే వచ్చిన పని" అన్న గడిలో మిదేవా మేడమ్ తన చేత్తోనే "ఏమీ లేదు" అని రాసింది. మినాయో కింద సంతకం పెట్టింది. ఎందుకంటే శిక్షణ ముగించినవాళ్లకు కేంద్రం కాలితో తొక్కే కుట్టు మిషను ఇస్తుంది. ఆరేళ్లుగా ఆమె బడిపిల్లల యూనిఫారాలు చేత్తోనే కుడుతోంది. మిషను ఉన్నవాళ్లు పూటలో ఇచ్చే పని ఆమెకు మూడు రోజులు పడుతుంది. ఒక్కొక్క బడే చేజారిపోతోంది. ఆ మిషను వస్తే నిలదొక్కుకుంటుంది, రాకపోతే సూది పక్కన పెట్టి తేయాకు తోటల్లో కూలికి పోవాలి.

ఈ నాటకం ఎందుకంటారా? నిజంగా రానివాళ్లకు నేర్పడం ఒళ్లొంచి చేయాల్సిన పని. పక్కన కూర్చోవాలి, పాడైన నూలు భరించాలి, చెప్పిందే నూరుసార్లు చెప్పాలి. వచ్చినవాళ్లను తెచ్చి రానట్టు కూర్చోబెడితే ఆ బాధే లేదు. ఫొటోలు బాగా వస్తాయి, దూరదేశంలో ఉన్న దాతలు కరిగిపోతారు, కేంద్రం ఇంకో ఏడాది నడుస్తుంది.

మినాయో మనసులో ఒక ముల్లు మాత్రం ఉండిపోయింది. చేరికల రోజున ఆమె వెనకే అయుమా నిలబడింది. అయుమా పొరుగింటి మనిషి, భర్త పోయినావిడ, కట్టెలు మోసి అమ్ముకుంటుంది. బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుంటుందే తప్ప సూది పట్టి ఎరగదు. ఆ మాటే నిజాయితీగా చెప్పింది. "అయ్యో, నీకు నేర్పేసరికి మాకు తెల్లారిపోతుంది. వచ్చే ఏడు చూద్దాం," అని మేడమ్ గేటు దగ్గర్నించే పంపేసింది. అప్పుడు మినాయో తన చేతులకేసి చూసుకుని లోపలికి నడిచింది.

శుక్రవారం సాయంత్రం కగేహా, "రేపు నేనూ వస్తానే," అంది.

"ఎందుకమ్మా ఎండలో? నీకు చూపు కూడా సరిగా ఆనదు."

"నా కూతురికి మిషను ఇస్తుంటే ఇంట్లో కూర్చుంటానా? ఇదిగో, అతిథి కుర్చీకని గుడ్డ అల్లాను. నెల పట్టింది. చూపు ఆనకపోతే ఏం, వేళ్లు చూస్తాయి."

మర్నాడు అతిథుల ముందు ఇంగ్లీషులో చదవమని మేడమ్ రాసిచ్చిన కాగితంలో ఏముందో మినాయో తల్లికి చెప్పలేకపోయింది.

శనివారం కేంద్రం ముందు గుడారం వేశారు. దాతల తరఫున వచ్చిన అతిథి నెరిసిన జుట్టు ఆవిడ, ఎండకి ముక్కు ఎర్రబడి, అందరికీ చేతులు కలుపుతోంది. గోడ వారగా పన్నెండు కొత్త మిషన్లు. బల్ల మీద పన్నెండు వంకర సంచులు. అతిథి కుర్చీ దగ్గరికి రాకముందే కగేహా తడుముకుంటూ వెళ్లి నడిమి కుర్చీకి తన తెల్లగుడ్డ తొడిగి, ముడతలు సవరించి, వెనక వరసలో కూర్చుంది.

మిదేవా మేడమ్ అది చూసింది. అంత పనితనం పక్కన ఆ సంచులు పెడితే చిన్నపిల్లాడైనా ప్రశ్న వేస్తాడు. చటుక్కున గుడ్డ లాగేసి, ఎక్కడ పెట్టాలో తోచక, టీ కెటిల్ కింద తోసేసింది. కెటిల్ కొమ్ము కారుతోంది. టీ చుక్కలు ఒక్కొక్కటే తెల్లనూలు మీద పడడం మినాయో చూసింది. అయినా కూర్చున్నచోటు నుంచి లేవలేదు. మిషను ఇంకా పది అడుగుల దూరంలోనే ఉంది.

మొదటగా ఆమె పేరే పిలిచారు. కాగితం తీసుకుని నిలబడింది. బడిలో చదువుకున్న ఇంగ్లీషు చదవడానికి సరిపోతుంది.

"నా పేరు మినాయో. నేను ఇక్కడికి రాకముందు నా చేతులకు ఏ పనీ రాదు. నాకు ఎవరూ ఏమీ..."

"మినాయో!" వెనక వరసలోంచి తల్లి గొంతు. ఇంగ్లీషు రాని ఆవిడకు కూతురు చదివేది ఏమిటో తెలియదు. ఆవిడ బాధ వేరే ఉంది. "అమ్మాయ్, అతిథి కుర్చీ బోసిగా కనిపిస్తోందే? నా గుడ్డ ఏదే?"

కొందరు నవ్వారు. మేడమ్ కళ్లెర్రజేసి, "ముసలమ్మని కాస్త కూర్చోబెట్టండమ్మా," అంది.

మినాయో కాగితం మీంచి తలెత్తింది. ఆమె చూపు గుడారం అంచున ఆగింది. అక్కడ కట్టెల మోపు దింపుకుని అయుమా నిలబడి ఉంది. తనకు దక్కని చదువు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చింది కాబోలు. ఆ క్షణంలో మినాయోకు తను చేసిన పని మొత్తం కనిపించింది. తల్లి ఇచ్చిన విద్యను లేదని రాయించుకుంది. ఆ అబద్ధం మీదెక్కి ఇంకొకరి పీటను ఆక్రమించింది.

కాగితం మడిచి పెట్టి, తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లింది. కెటిల్ ఎత్తి గుడ్డ తీసింది. టీ మరకతోనే దాన్ని అతిథి ముందు పరిచింది.

"ఇది మా అమ్మ అల్లింది," అంది తనకు వచ్చిన ఇంగ్లీషులో. "ఏడో ఏట నాకు నేర్పింది కూడా ఆవిడే. ఆ సంచి నా అంతట నేను వంకరగా కుట్టలేదు. నాతో కుట్టించారు. మీరు నేర్పాలనుకున్న మనిషి అదిగో, బయట నిలబడింది. ఆమెను గేటు దగ్గర్నించే పంపేశారు. ఆమె చోట్లో నేను కూర్చున్నాను, అది నా తప్పు."

అతిథి గుడ్డను చేత్తో నిమిరింది. తర్వాత ఒక సంచి ఎత్తి చూసింది. మళ్లీ గుడ్డను చూసింది. ముక్కుతో పాటు ఆవిడ మొహమంతా ఎర్రబడింది. మిదేవా మేడమ్‌ను ఏదో మెల్లగా అడిగింది.

ఆ రోజు మిషన్లు ఎవరికీ ఇవ్వలేదు. విచారణ చేశాక చూద్దామన్నారు. తిరిగి వెళ్తూ మేక మాట చెప్పినావిడ నిష్ఠూరంగా, "నీ నిజం నువ్వు చెప్పుకున్నావు, మా నోట్లో మట్టి కొట్టావు," అంది. మినాయో మాట పడింది. ఆవిడ కోపంలో అబద్ధమేమీ లేదు.

దారిలో కగేహా ఏం జరిగిందని అడిగింది. కూతురు జరిగిందంతా తమ భాషలో చెప్పేసింది. విని, ఆ తల్లి చేతికర్ర నేలకేసి కొట్టింది.

"మిషను పోతే పోయింది. నీ చేతులు ఉత్తవని నీ నోటితోనే చెప్పించబోయారా? సాయం అంటే ఇదేనా? ఆకలి ఉన్న మనిషిని ఆకలి అని చెప్పమనొచ్చు. చేతులున్న మనిషిని మొండిచేతులని చెప్పమంటారా?"

సోమవారం పొద్దున కగేహా వాకిట్లో మూడు పీటలు పడ్డాయి. మూడో పీట మీద అయుమా. కట్టెలు మోసి కాయలు కాచిన వేళ్లలో కొక్కెం సూది నిలవడం లేదు. గొలుసు ఒకచోట బిగిసింది, ఒకచోట వదులైంది. పొద్దు వాలేసరికి ఒక సంచి తయారైంది. పక్కలు వంకర, లోపలి గుడ్డ బయటికి తొంగిచూస్తోంది. శనివారం బల్ల మీద పెట్టినవాటికీ దీనికీ చూపుకి తేడా లేదు.

అయుమా సిగ్గుపడి దాన్ని కొంగులో దాచుకోబోయింది. "విప్పేస్తాను పిన్నీ. మరీ వంకరగా వచ్చింది."

కగేహా ఆ సంచిని లాక్కుని, అంచులన్నీ వేళ్లతో తడిమి, తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"ఉండనీ. ఇది నిజం వంకర, దీనికి సిగ్గెందుకు? రానిది రాదని చెప్పుకునే మనిషికి సిగ్గుపడే పనే లేదమ్మా. వచ్చిన విద్యను రాదని చెప్పిస్తే తప్ప చెయ్యి చాచి ఇవ్వలేనివాళ్లు, వాళ్లు పడాలి సిగ్గు."