ఆరు గంటల్లో అరగంట

"మీ వదిన పట్టపగలు కిటికీలకు నల్లపట్టాలు కట్టుకుని, ఆ చీకట్లో ఎవరితోనో మాట్లాడుతోందంట" అని ఎదురింటి టైలరమ్మ అన్నదని, మేడమెట్లు ఎక్కీ ఎక్కకముందే ఆడపడుచు మోసుకొచ్చింది. "నాకేం తెలుసమ్మా, మా పనిమనిషి చెప్పింది" అని టైలరమ్మ చేతులు కూడా దులుపుకుందట.

ఆ వదిన, ఊళ్ళో అందరికీ ఫొటోలావిడ, నవ్వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ మేడగదే ఆవిడ కెమెరా. నల్లపట్టాలో చిటికెనవేలు దూరేంత చిల్లు. దాంట్లోంచి ఎదురుగుట్ట మీది పాతకోట మొత్తం లోపలికొచ్చి, వెనకగోడ మీద తలకిందులుగా వాలుతుంది. ఆ గోడకి దుప్పటంత ఫొటో కాయితం బిగించి, పొద్దున ఎనిమిదింటికి చిల్లు మూత తీస్తే మళ్ళీ వేసేది రెండింటికే. ఆ ఆరు గంటలూ కదలకుండా ఉన్నదే పటంలో పడుతుంది. కోట పడుతుంది, గుట్ట పడుతుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, మేకలు, ఎవరూ పడరు.

ఆవిడ మొగుడు ఆ కోటగోడలు బాగుచేసే మేస్త్రి. "నీ ఎదురుగా ఇన్నేళ్ళు తిరిగాను, రాయికున్నపాటి విలువ నాకు లేదే!" అని ఎకసెక్కాలాడేవాడు. "రాయి కదలదు మరి" అనేది ఆవిడ, కాయితం బిగించుకుంటూనే. నాలుగు నెలల కిందట జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

"అన్నయ్య ఫొటో ఒకటియ్యి వదినా" అంది ఆడపడుచు, చెంబెడు నీళ్ళు గటగటా తాగి. "మా ఇంట్లో పెట్టుకుంటాను. గుర్తింపు కార్డుది మాత్రం ఇవ్వకు. అందులో అచ్చం కోళ్ళదొంగలా ఉంటాడు."

"ఫొటోకని ఫోను ఎత్తితే చాలు, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు కదమ్మా. ఎక్కణ్ణించి తేను?"

అని ఆవిడ కిటికీ పట్టా ఊడదీసింది. మూలనున్న కాయితపు చుట్టల్లోంచి ఒకటి తెచ్చి నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టింది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇంకొకరి కంటికి కూడా కనబడితే చాలు, అది తన పిచ్చి కాదని తేలిపోతుంది.

"బురుజు దగ్గర చూడు."

ఆడపడుచు భూతద్దం పట్టుకుని కుడివైపు పాకింది. "ఏదీ? ఇక్కడంతా గోడే."

"కాయితం మీద కుడిఎడమలు తారుమారమ్మా. ఇటు రా. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా పడుతుంది. ఈ తెల్లగా ఉన్నదే బురుజులో చీకటిగూడు. మధ్యాహ్నం సద్ది తిని, తలకి తెల్లతువ్వాలు చుట్టుకుని అందులో కూర్చునేవాడు. అరగంట."

తెల్లని గూడులో గోరంత బూడిదరంగు మరక. దానికి కళ్ళు లేవు, ముక్కు లేదు. చుట్టిన తువ్వాలు ఎడమకి ఒరిగినట్టు మాత్రం ఉంది. మూడు నెలలు, పదకొండు పాత పటాలు వెతికితే దొరికింది అదొక్కటే. అప్పట్నుంచీ రోజూ పన్నెండింటికి ఆవిడ చిల్లు మూత తీసి, గోడ మీద తలకిందులుగా వాలిన ఖాళీ గూడుకేసి చూస్తూ, దాంతో మాట్లాడుతూ కూర్చుంటోంది. పనిమనిషికి వినబడినవి ఆ మాటలే.

ఆడపడుచు చాలాసేపు అద్దం తియ్యలేదు. తీసేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అన్నయ్యే. తువ్వాలు ఎప్పుడూ అలాగే ఓరగా చుట్టేవాడు."

ఫొటోలావిడకి గుండెల మీంచి బండ దించినట్టయింది. "ఈ ముక్క వరకు పెద్దది చేసి పంపిస్తాను" అంది, గబగబా. "ఆరు గంటలూ కూర్చునుంటే మొహమే వచ్చేది. మీ అన్నయ్యకి కుదురేదీ? కాలికి చక్రాలు కదా!"

ఆడపడుచు ఇటుకలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. కాయితం దానంతటదే చుట్టుకుపోయింది.

"నీడకి గుట్టవతల చింతతోపు ఉంది, కూలీలంతా అక్కడే తినేవాళ్ళు. అన్నయ్యొక్కడూ ఎండలో ఈ బురుజు దాకా నడిచొచ్చి నీ చిల్లుకి ఎదురుగా ఎందుకు కూర్చునేవాడు వదినా? ఆరు గంటలూ కూర్చోమంటావేమోనని చూశాడు. నువ్వు అనలేదు."