సుద్ద తిన్న పిల్ల

మా మనవరాలు కుట్టుపనికి చేరిన కొత్తలోనే దానికి సుద్దపిల్ల అని పేరు పడిపోయింది. గుడ్డ మీద కొలతలు గీయడానికి సుద్దబిళ్ల ఉంటుంది కదా, గీసినంతసేపు గీసి, అరిగిపోయిన ముక్కను బుగ్గన పెట్టుకునేది. తల్లి లేని పిల్ల, నా చేతుల్లోనే పెరిగింది. అయినా ఈ అలవాటు ఎప్పుడు పట్టుకుందో నాకూ అంతుపట్టలేదు.

కాజాలు కుట్టే ఆవిడకు నోరు ఊరుకోదు. "ఏమే, సుద్దంతా నువ్వే మింగేస్తే గుడ్డ మీద దేంతో గీయమంటావు, నీ నాలుకతోనా?" అనేది.

"తెల్లటి బిడ్డను కనాలని ముందునుంచే తింటున్నాలే అక్కా," అనేది మా పిల్ల.

గదంతా నవ్వే. మెట్లెక్కి వస్తే దానికి ఆయాసం. అదీ వాళ్ళకు నవ్వులాటే. "ముసలమ్మ వచ్చింది, కుర్చీ వేయండర్రా," అనేవాళ్ళు.

అక్కడే గుడ్డలు కత్తిరించే మాస్టారు దాన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. మెత్తని మనిషి. సుద్ద తినొద్దని ఏనాడూ అనలేదు సరికదా, బల్ల కింద విరిగిపడ్డ ముక్కలు ఏరి జేబులో వేసుకొచ్చి ఇచ్చేవాడు. మరొకడైతే పూలు తెస్తాడు, వీడు సుద్ద తెచ్చాడు.

నెల తప్పిందని తెలియగానే అతని తల్లి, అంటే మా వియ్యపురాలు, వంటిల్లు నెత్తికెత్తుకుంది. పాలు, గుడ్లు, ఆకుకూర, పప్పు.

"నోరు తెరువు తల్లీ, ఇప్పుడు నువ్వు ఒట్టి మనిషివి కావు," అని ముద్దలు పెట్టేది. పిల్ల తిందామనే చూసేది, తిన్నదంతా వాంతయ్యేది.

కడుపు కనబడ్డాక గానీ ఆసుపత్రికి పోలేదు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసింది.

"బిడ్డ ఎదగడం లేదమ్మా. ఈ అమ్మాయి ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఇది ఇవాళ్టిది కాదు. సుద్దో, మట్టో తినాలనిపిస్తుందా?"

మాస్టారి చేయి జేబు మీదికి పోయింది.

"ఇప్పుడు అన్నీ పెడుతున్నాం కదండీ," అంది వియ్యపురాలు.

"పెట్టండి, మందులూ ఇస్తాను. కానీ ఇదంతా కడుపు రాకముందే చూసుకోవాల్సింది. తల్లి ఒంట్లో నిల్వ ఉంటేనే కదా బిడ్డకు మొదటినుంచీ అందేది."

నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. అద్దాలపెట్టెలో పడుకోబెట్టారు. టేపు పెట్టకుండా చూపుతోనే కొలత చెప్పగల మాస్టారు, బిడ్డకు చొక్కా కుట్టి తెచ్చాడు. వదులైంది. ఇంకోటి కుట్టి తెచ్చాడు. అదీ వదులే. మూడోదానికి గుడ్డ కత్తిరిస్తుండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

ఆ తర్వాత వియ్యపురాలు, పాపం ఆవిడా ఏడ్చి ఏడ్చి ఉంది, "త్వరగా ఇంకో కాన్పు వస్తేగానీ ఈ ఇంటి దిగులు తీరదు," అంది.

మా పిల్ల ఎప్పుడూ ఎదురుచెప్పేది కాదు, ఆ రోజు చెప్పింది. "ముందు నా ఒళ్ళు చూసుకుంటాను అత్తయ్యా. బిడ్డకు నా ఒళ్ళేగా మొదటి ఇల్లు, ఏమీ పెట్టలేని ఇంటికి ఇంకో బిడ్డను పిలవలేను."

డాక్టరమ్మ రాసిన మాత్రలు మానకుండా మింగింది. మాస్టారే పొద్దున్నే గ్లాసు నీళ్ళు పట్టుకుని నిలబడేవాడు. నెలలు గడిచేసరికి మొహంలో రంగు వచ్చింది. సుద్ద ఊసే మరిచిపోయింది. నాకంటే ముందు మెట్లెక్కి, "రావే ముసలీ," అని నన్నే వెక్కిరించింది.

మళ్ళీ పరీక్ష చేయించాం. "రక్తం చక్కగా పెరిగింది. ఇక ధైర్యంగా బిడ్డను అనుకోవచ్చు," అంది డాక్టరమ్మ. వియ్యపురాలు కళ్ళొత్తుకుంది. మాస్టారు ఆటో పిలవడానికి బయటికి పరిగెత్తాడు.

మా పిల్ల మాత్రం వరండాలో బల్ల మీద కూలబడింది.

"ఇంతేనా అమ్మమ్మా?"

"ఏమిటే?"

"ఇంత చిన్న మాత్రేనా కావలసింది? బాగుకాని జబ్బయితే నా రాత అనుకునేదాన్ని. ఇది బాగయిపోయింది అమ్మమ్మా."

నేను దాని పక్కన కూర్చున్నాను. అది నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. బిడ్డ పోయిన రోజు రెండు వెక్కిళ్ళకే సొమ్మసిల్లిన పిల్ల, ఇప్పుడు ఒంట్లో సత్తువ ఉంది కదా, చాలాసేపు ఏడ్చింది.