వెబ్‌సైటుకి ఈశాన్య ద్వారం

వెబ్‌సైటుకి వాస్తు చూపించిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. కంకిపాడులో రొయ్యల వ్యాపారం చేసే వెంకటసుబ్బారావు గారు. 2003లో, సైట్లు తయారుచేసే మా ఆఫీసుకి, బెజవాడ బందరు రోడ్డు మీదికి, సిద్ధాంతిని వెంటబెట్టుకుని మరీ వచ్చారు.

"చూడమ్మా సుధామణీ, జనం ఈశాన్యం నుంచే లోపలికి రావాలి. ముందు గణపతి, తర్వాత మా నాన్నగారి ఫొటో, నా సన్మానం, ఆ తర్వాతే సరుకు. ప్రదక్షిణంగా తిరగాలి. ఎవడైనా తిన్నగా లోపలి పేజీకొస్తే మళ్ళీ మొదటికి తోలెయ్."

"సరుకు మంచిదని ల్యాబు ఇచ్చే టెస్టు రిపోర్టు ఒక్కటే కావాలనుకునేవాళ్ళ సంగతేంటండీ?"

"నైరుతి నుంచి దొంగలొస్తారమ్మా," అన్నాడు సిద్ధాంతి. నా ఖర్మ! అడిగినట్టే చేసిచ్చాను. పాస్‌వర్డు కూడా సిద్ధాంతే పుచ్చుకుని మంగళగిరి వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో బందరు వైపు నుంచి పేరమ్మ సరుకొచ్చింది. మొగుడు పోయాక ఆమెకి ఆ రొయ్యల చెరువొక్కటే ఆధారం. సుబ్బారావు గారి మాట మీదే రొయ్యలు పట్టించి, ఐసు పెట్టెల్లో ఆయన షెడ్డుకి తెచ్చింది. సైటులో రిపోర్టు చూశాకే లారీ పంపుతామంది సరుకు కొనే మద్రాసు కంపెనీ. పాపం, వాళ్ళు నొక్కిన ప్రతిసారీ సన్నాయి మోగి గణపతి ప్రత్యక్షం! సన్మానం ఫొటో తెరుచుకునేలోపు ఫోను లైను మీద వచ్చే నెట్టు తెగిపోయేది.

కబురొస్తే షెడ్డుకి పరుగెత్తాను. "పాస్‌వర్డు ఇప్పించండి, ఆ అడ్డు ఇప్పుడే తీసేస్తాను. లేదా రిపోర్టు ఫ్యాక్సులో పంపండి."

"దొడ్డిదారిన పంపితే పరువేం కానమ్మా? పైగా ఇవాళ మంగళవారం. గుమ్మం కదపకూడదు."

"ఐసుకి వారాలు తెలీవండీ బాబుగారూ," అంది పేరమ్మ, పెట్టె మీద చెయ్యేసి.

బుధవారం పాస్‌వర్డొచ్చి గుమ్మం కదిలింది. అప్పటికే లారీ ఇంకెవరి సరుకో ఎత్తుకుపోయింది. పేరమ్మ రొయ్యల తలలు నల్లబడ్డాయి.

"చెప్పానా, నైరుతి దోషం! ఆ రిపోర్టు పేజీయే తీసెయ్," అని నాకు ఫోను. సిగ్గులేని మనిషి! ఇక మీ పని చెయ్యనని మొహానే చెబుదామని మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. నా వెనకే ఆటోలో పెట్టెతో పేరమ్మ దిగింది.

"ఛీ, ఏం కంపు! దొడ్డి వైపు నుంచి రా!" అని అరిచాడాయన.

"అడ్డదారి మీకు గిట్టదు కదండీ," అంది. సింహద్వారం ముందు నుంచి మొదలుపెట్టి, నీళ్ళు కారుతున్న పెట్టెతో ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసింది. నా దగ్గర ఆగింది.

"ఈశాన్యం ఎటమ్మా?"

వేలు పెట్టి చూపించాను. పెట్టె మొత్తం అక్కడే బోర్లించింది.